అప్పగింత

“ఇప్పుడు దేవునికిని ఆయన కృపావాక్యమునకును మిమ్మును అప్పగించుచున్నాను.” (అపొస్తలుల కార్యములు 20:32)

శుక్రవారం సాయంత్రం సెక్రటరీ గారు, ట్రెజరర్ గారు, నేను వెస్ట్రీలో (గుడి పక్క గదిలో) కూర్చుని, కొత్త అయ్యగారికి అప్పగించాల్సిన సామాన్ల చార్జి లిస్టు రాశాం. బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్లిళ్ల రిజిస్టర్లు, సమాధుల రిజిస్టర్లు, కమిటీ మినిట్స్ పుస్తకాలు. ప్రభువు బల్లకు రొట్టె, ద్రాక్షారసం పెట్టే పాత్రలు, వాటి మీద కప్పే తెల్లగుడ్డలు. బీరువా తాళాలు, గంట దగ్గరి గది తాళం, పార్సనేజి (అయ్యగారు ఉండే ఇల్లు) తాళాలు రెండు జతలు. కీబోర్డు, మైకులు, ప్లాస్టిక్ కుర్చీలు. ఒక్కోటి చూసుకుని టిక్కు పెట్టుకుంటూ పోతే మూడు పేజీలయింది. కొత్తగా వచ్చే అయ్యగారు దాని కింద సంతకం పెడితే కాగితం వరకు నా బాధ్యత తీరిపోతుంది.

రాత్రి ఆ లిస్టు ఇంటికి తెచ్చుకుని మళ్లీ చదివాను. మూడు పేజీల్లో ఒక్క మనిషి పేరు లేదు. ఉండదు కూడా, అది సామాన్ల లిస్టు. అయినా నిద్ర పట్టలేదు.

2019 జూన్‌లో సికింద్రాబాద్‌లో, రైల్వే క్వార్టర్లకు దగ్గరగా ఉన్న ఈ సంఘానికి వచ్చాను. ఈ ఆదివారం నా చివరి ఆరాధన. సోమవారం నుంచి ఒక ఆసుపత్రిలో చాప్లెయిన్ పని, అంటే రోగుల దగ్గర ప్రార్థన చేసే పని. ఇది మామూలు ట్రాన్స్‌ఫర్ కాదు, నేను అడిగి తీసుకున్నది. “మేం ఏం తక్కువ చేసినం అయ్యగారూ?” అని చాలామంది అడిగారు. మీరేం తక్కువ చేయలేదు. కారణం వేరే ఉంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్ 12న ఈస్టర్. ఖాళీ బెంచీల ముందు ఫోను నిలబెట్టి ప్రభువు లేచాడని చెప్పాను. బదులు పలకడానికి గుడిలో నా భార్య ఒక్కతే ఉంది. మరుసటి ఏడు సెకండ్ వేవ్‌లో భోయిగూడ సమాధుల తోటకు, నారాయణగూడ సమాధుల తోటకు వెళ్తూనే ఉన్నాను. సమాధి దగ్గర ప్రార్థన చేయగలిగాను, మంచం దగ్గర చేయలేకపోయాను. లోపలికి ఎవరినీ రానివ్వని రోజులవి. మన సంఘపు పెద్దాయన ఒకరు వార్డులోంచి ఫోన్ చేసి, “ఒక్కసారి వచ్చి పోండి అయ్యగారూ” అన్నారు. రాలేనని చెప్పి ఫోన్‌లోనే ప్రార్థన చేశాను. ఆ గొంతు ఇంకా నా చెవిలో ఉంది. ఆసుపత్రి పని కావాలని బిషప్ గారిని అడిగింది అందుకే.

ఈ వారమంతా అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం చదువుతున్నాను. అపొస్తలుడైన పౌలు ఎఫెసు పట్టణపు సంఘంలో మూడేళ్లు పనిచేశాడు. పెంతెకొస్తు పండుగ నాటికి యెరూషలేములో ఉండాలని తొందర. అందుకని ఎఫెసులో దిగకుండా మిలేతు రేవులో ఆగి, సంఘపు పెద్దలకు కబురు పంపాడు. వాళ్లు వచ్చారు. దారి యాభై కిలోమీటర్లకు పైనే, అంటే మనం సికింద్రాబాద్ నుంచి భువనగిరికి నడిచి వెళ్లినంత. ఒక మనిషి ముఖం చూడడానికి అంత దూరం వచ్చారు. అక్కడ పౌలు చెప్పిన మాటల్లో మనకు బాగా గుర్తుండేది “పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యము”. కానుకల వేళ అంతగా చెప్పుకుంటాం కాబట్టి. ఆ ప్రసంగం గుండెకాయ మాత్రం 32వ వచనమే అని నాకనిపిస్తుంది.

దాన్ని నేను చాలా ఏళ్లు తలకిందులుగా చదివాను. పౌలు వాక్యాన్ని పెద్దల చేతికిచ్చి, జాగ్రత్తగా కాపాడండి అని వెళ్లిపోయాడని అనుకునేవాణ్ని. అక్కడున్నది అది కాదు. వాళ్లనే వాక్యం చేతిలో పెడుతున్నాడు. కాపాడే పని వాక్యానిది, కాపాడబడేది వాళ్లు. ఇది గమనించాక నా భుజాల మీది బరువు కొంత దిగింది.

గ్రీకులో ఇక్కడ ఉన్న క్రియ పరతిథేమి. విలువైనదాన్ని నమ్మకస్థుడి దగ్గర దాచమని ఇవ్వడానికి కూడా ఆ మాట వాడేవారు. ఈ కార్యముల పుస్తకం రాసిన లూకా తన సువార్తలో ఇదే మాటను సిలువ మీది యేసు నోట రాశాడు: “తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను.” ప్రభువు తన ప్రాణాన్ని ఏ చేతిలో పెట్టాడో, పౌలు తన సంఘాన్ని కూడా ఆ చేతిలోనే పెడుతున్నాడు.

అప్పగించడం అంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది పెళ్లి. పెళ్లి ఆరాధనలో తండ్రి కూతురి చేయి తెచ్చి నా చేతిలో పెడతాడు. నేను దాన్ని వరుడి చేతిలో పెడతాను. ఆ చేయి నా దగ్గర ఉండేది అర నిమిషం కూడా కాదు. ఎన్నో పెళ్లిళ్లలో ఆ చేయి వణకడం నాకు తెలిసింది. కొందరివి చల్లగా ఉంటాయి. అంత దగ్గరగా తెలిసినా ఆ చేయి నాది కాదు, పట్టుకుని నిలబడిపోవడానికి వీల్లేదు. ఈ ఆరేళ్లూ ఆ అర నిమిషమే అని ఇప్పుడు అర్థమవుతోంది. “నా సంఘం” అని ఎన్నిసార్లు అన్నానో. పౌలు అదే ప్రసంగంలో, దేవుడు తన స్వరక్తమిచ్చి సంపాదించిన సంఘం అంటాడు.

మరి చార్జి లిస్టులో లేని మనుషుల్ని ఎవరికి అప్పగించాలి?

కొందరి సంగతి కొత్త అయ్యగారికి చెప్పవచ్చు. మెట్లు ఎక్కలేని వాళ్లెవరు, ఇంటికే ప్రభువు బల్ల సంస్కారం తీసుకెళ్లాల్సిన వాళ్లెవరు, డయాలసిస్ ఏ రోజుల్లో ఎవరికి, ఇంటర్ ఫీజుకు ఎవరి ఇంట్లో ఇబ్బంది. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. మన సంఘంలో రిటైరైన లోకో పైలట్ ఒకాయన చెప్పారు: కాజీపేటలో డ్యూటీ మారేటప్పుడు ఇంజను ఎట్లుందో తర్వాతి డ్రైవరుకు చెప్పి దిగుతారట. అలా చెప్పి దిగడం నా ధర్మం.

కానీ నోట్‌బుక్‌లో రాయకూడనివి ఉన్నాయి. ఆరాధన అయిపోయాక అందరూ వెళ్లేదాకా ఆగి చెప్పుకున్నవి. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఏడ్చి చెప్పినవి. ఒక తల్లి చెప్పింది, ఒక కొడుకు చెప్పింది, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోనిది. అవి కొత్త అయ్యగారికి చెప్పను, నా భార్యకూ చెప్పలేదు. పౌలు సంఘపు పెద్దల ఎదుట నిలబడి కూడా “దేవునికిని” అన్నాడు. నా దగ్గరున్న ఈ మూటను దింపుకునే చోటు ఇంకొకటి లేదు కాబట్టి ఆ మాట నాకిప్పుడు బాగా తెలుస్తోంది.

గురువారం రాత్రి గుడి తలుపు లోపల గడియ పెట్టుకుని, ముందు బెంచీ నుంచి మొదలుపెట్టాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో నాకు తెలుసు. ఒక్కో బెంచీ దగ్గర ఆగి, అక్కడ కూర్చునే వాళ్ల పేర్లు పలికి, వాళ్లు నాకు చెప్పింది తలచుకుని, “ప్రభువా, వీళ్లు నీ వాళ్లు” అన్నాను. బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

కుడివైపు ఒక బెంచీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అక్కడ ఇప్పుడు వేరే వాళ్లు కూర్చుంటున్నారు. నేను వచ్చిన రెండో ఏడు ఒక మాట పట్టింపు వచ్చి ఆ కుటుంబం రావడం మానేసింది. వాళ్లే వస్తారులే అనుకున్నాను. వారాలు నెలలయ్యాయి, నేను వెళ్లలేదు. ఆ ఇంటి పెద్ద చనిపోయినప్పుడు వేరే సంఘపు పాస్టర్ గారిని పిలుచుకున్నారు. ఎఫెసు పెద్దలతో పౌలు “మీలో ఎవరి నాశనము విషయమైనను నేను దోషిని కాను” అన్నాడు. ఆ మాట నేను అనలేను. నిన్న వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆ ఇంటావిడ టీ ఇచ్చింది. ఎక్కువ మాట్లాడలేదు, ప్రార్థన చేయమని మాత్రం అడిగింది.

“మా బిడ్డ పెండ్లికి మీరే రావాలె, వేరే అయ్యగారు మాకొద్దు” అంటున్నారు కొందరు. మీ ప్రేమ నాకు తెలుసు. అయినా కొత్త అయ్యగారు పిలిస్తే తప్ప నేను బల్ల దగ్గరికి రాను. పిలిస్తే వచ్చి ఆయన పక్కన నిలబడతాను. మీ బిడ్డ చేయి ఆయనే అందుకోవాలి. ఎఫెసులో పౌలు తర్వాత తిమోతి ఉన్నాడు. పౌలును చూసిన కళ్లకు తిమోతి చిన్నవాడిలా కనిపించి ఉంటాడు. “నీ యౌవనమును బట్టి ఎవడును నిన్ను తృణీకరింపనియ్యకుము” అని పౌలు రాసింది ఎఫెసులో ఉన్న తిమోతికే. మనకు రాబోయే అయ్యగారు కూడా వయసులో నాకంటే చిన్నవారు. పాట పాడితే నాకంటే బాగా పాడతారు. ఆయన్ని నాతో పోల్చకండి.

ఎఫెసు సంఘం తర్వాత ఏమైందో కూడా బైబిల్ దాచలేదు. మొదటి ప్రేమ వదిలిందని ప్రకటన గ్రంథంలో ఆ సంఘానికి రాసిన ఉత్తరం చెబుతుంది. అంతగా ఏడ్చి సాగనంపినవాళ్ల సంఘం అలా అయింది. ఇది చదివినప్పుడల్లా నాకు భయం వేసేది. ఈసారి ఆ ఉత్తరం ఎవరు రాయిస్తున్నారో చూశాను. ఏడు దీపస్తంభముల మధ్య సంచరించువాడు, అంటే సంఘాల మధ్య తిరిగే ప్రభువే. పౌలు ఓడెక్కి వెళ్లిపోయాడు, ఆయన మాత్రం ఎఫెసు విడిచి వెళ్లలేదు. వాళ్లు చల్లారిన రోజున కూడా వాళ్ల మధ్యే తిరుగుతూ, ఆ సంగతి వాళ్లకే చెప్పాడు.

అధ్యాయం చివర లూకా “వారు ఓడవరకు అతనిని సాగనంపిరి” అని రాశాడు. మీరూ వీడ్కోలు సభ పెడతామన్నారు, శాలువలు, దండలు అన్నారు. దండల డబ్బు ఇంటర్ ఫీజుకు ఇవ్వండి. ఆరాధన తర్వాత అందరం కలిసి భోంచేద్దాం, అది చాలు.

ఆదివారం ఆరాధన ఉదయం ఎనిమిదిన్నరకు. ప్రభువు బల్ల ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, నడవలేనివాళ్లు కూర్చున్నచోటే ఉండండి. నేనే మీ దగ్గరికి వస్తాను.