గుండు పక్కకు పోతే ముందు గుడ్డముక్కను చూడండి

మూతి నుంచి మందు, గుండు కూరి కాల్చే రైఫిల్‌తో సాధన చేసేవాళ్లు కాల్పులు ఆగగానే నేరుగా టార్గెట్ దగ్గరికి నడుస్తారు. చూడాల్సింది దారిలోనే పడి ఉంటుంది. మూతికి ఐదు నుంచి పది గజాల ముందు, గడ్డిలో, మసిబారిన చిన్న గుడ్డముక్క. గుండుకు చుట్టి కూరిన ప్యాచ్ అది. గురి ఎందుకు తప్పిందో సగం సంగతి దానిమీదే ఉంటుంది.

మన దగ్గర మందు తుపాకీ అనగానే ఏటూరునాగారం, ఆదిలాబాద్ అడవుల పక్క ఊళ్లలో దొరికే నాటు తుపాకీ గుర్తొస్తుంది, పేపర్లలో భర్మార్ అని రాసేది. దాని గొట్టం లోపల నున్నగా ఉంటుంది కాబట్టి గుండు తిరగదు, యాభై మీటర్ల టార్గెట్‌మీద గురి అంత నిలకడగా ఉండదు. 1959 ఆయుధాల చట్టం కింద మూతి నుంచి నింపే తుపాకీకి కూడా లైసెన్స్ కావాలి. తాత కాలంనాటిదంటే చెల్లదు. ఇక్కడ రాసేది లైసెన్స్ ఉన్న, గొట్టంలో మెలితిరిగిన గాళ్లు ఉన్న, క్యాప్‌తో, అంటే సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు మూతతో పేలే రైఫిల్ గురించి. ఇంకో మాట. బ్లాక్ పౌడర్‌ను నల్లమందు అని తెలుగు చేయకండి. నల్లమందంటే అభిని, ఆ మాటతో ఒక కేసు రెండవుతుంది. తుపాకీ మందు అంటే చాలు.

లెక్క .50 క్యాలిబర్‌కు, అంటే అర అంగుళం గొట్టానికి చెప్తాను. గుండు 0.490 అంగుళాలు, మెత్తటి స్వచ్ఛమైన సీసం. బరువు సుమారు 177 గ్రెయిన్లు, అంటే మన పాత తులానికి మూడు గ్రెయిన్లు తక్కువ. కార్ల వీల్ వెయిట్ల సీసంలో యాంటిమొనీ కలిసి ఉంటుంది. ఆ గుండు గట్టిగా ఉండి గొట్టంలోకి సరిగ్గా దిగదు. ప్యాచ్ మందం 0.015 అంగుళాలు. చేత్తో నలిపి చెప్పే లెక్క కాదిది, మైక్రోమీటర్‌తో కొలవాలి. గట్టిగా నేసిన పరుపు గలీబు నూలు గుడ్డ బాగా పనికొస్తుంది. పాలిస్టర్ కలిసిందైతే వేడికి కరిగి గొట్టానికి అంటుకుంటుంది. అనుమానముంటే ఒక పోగు కాల్చి చూడండి: నూలైతే బూడిద అవుతుంది, పాలిస్టరైతే ముద్ద కడుతుంది. కొత్త గుడ్డను వేడినీళ్లలో ఉతికి గంజి మొత్తం పోగొట్టాకే వాడాలి. గంజి ఉన్నంతవరకు గుడ్డ తడిని పీల్చదు.

ప్యాచ్‌కు పట్టించే తడికి ఏం వాడాలన్నది ఎడతెగని వాదన. లేత్ షాపుల్లో నీళ్లలో కలిపితే పాలలా అయ్యే కటింగ్ ఆయిల్ ఉంటుంది కదా, అది ఒకపాలు, నీళ్లు ఆరేడు పాళ్లు. గుడ్డను అందులో నానబెట్టి, నేలమీద బల్లపరుపుగా ఆరేసి, ఆరాక కత్తిరిస్తే ప్రతి ముక్కకూ ఒకే మోతాదు అంటుతుంది. తీగమీద ఆరేస్తే నూనె కిందికి జారి ఒక అంచున చేరుతుంది, ఆ తేడా టార్గెట్‌మీద కనిపిస్తుంది. ఆముదం రాసినా నడుస్తుంది. ఇంజిన్ ఆయిల్, గ్రీజు మాత్రం వద్దు, మసితో కలిసి తారులా పట్టేస్తాయి.

మందు మూడు ఎఫ్‌ల (FFFg) సన్నరేణువుల రకం, కొలతపాత్రతో 45 గ్రెయిన్లు, సుమారు మూడు గ్రాములు, యాభై మీటర్లకు మంచి మొదలు. మీ రైఫిల్ తయారీదారు చెప్పిన హద్దు దాటకుండా ఐదేసి గ్రెయిన్లు మారుస్తూ, ఒక్కో కొలతకు ఐదు గుండ్లు కాల్చి ఏది దగ్గరగా పడుతుందో చూసుకోవాలి. పొగరాని ఆధునిక మందు చిటికెడు కూడా కలపొద్దు, గొట్టం పగులుతుంది. డబ్బా నుంచి నేరుగా గొట్టంలో పోయడం కూడా అంతే ప్రమాదం: లోపల నిప్పురవ్వ మిగిలుంటే చేతిలోని డబ్బా మొత్తం అంటుకుంటుంది. మూతి నుంచి నింపే తుపాకుల (మజిల్‌లోడర్) అంతర్జాతీయ పోటీల్లో ప్రతి కాల్పుకూ మందు విడివిడి చిన్న డబ్బీల్లో ముందే కొలిచి తేవాలన్న నియమం అందుకే.

మొదట గొట్టంలోని నూనె తుడిచి, ఉత్త క్యాప్‌లు రెండు పేల్చాలి. రెండోదానికి మూతి ముందున్న గడ్డిపరక కదిలితే క్యాప్ నిప్పు మందుకు చేరే దారి తెరుచుకున్నట్టు. తర్వాత మందు పోసి, ప్యాచ్ మధ్యలో గుండు పెట్టి, పోతపోసినప్పుడు మిగిలిన బొడిపె పైకి చూసేలా ఉంచి, పొట్టి కర్రతో మూతిలోకి దించి, రామ్‌రాడ్‌తో తోయాలి. రాడ్‌ను మూతికి జానెడు పైనే పట్టుకుని చిన్నచిన్న తోపులతో దించాలి. పైన పట్టుకుని ఒక్కసారిగా నొక్కితే కర్ర విరిగి అరచేతిలో దిగుతుంది. గుండు మందుమీద పూర్తిగా కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం అక్కడ ఉబ్బుతుంది. సరిగ్గా కూర్చున్నప్పుడు రాడ్‌మీద మూతి దగ్గర గీత పెట్టుకుంటే ప్రతిసారీ తెలుస్తుంది. నొక్కే బలం కూడా ఒకేలా ఉండాలి. గుండ్లు నిలువుగా పైకీ కిందికీ పరుచుకుంటుంటే ముందు అనుమానించాల్సింది ఈ నొక్కుడునూ మందు కొలతనూ. క్యాప్ అన్నిటికన్నా చివర, మూతి టార్గెట్ వైపు ఉన్నప్పుడే.

ఇక ఆ గుడ్డముక్క. మధ్యలో గుండు కూర్చున్నచోట గుండ్రటి మసి మచ్చ, అంచులు కొద్దిగా పీచు లేచి, మళ్లీ వాడొచ్చేమో అనిపించేలా ఉంటే అంతా సవ్యం. మధ్యలో కాలి చిల్లు పడితే తడి తక్కువ, లేదా గుడ్డ పలచన, మందు సెగ గుండును దాటి ముందుకు పోయింది. మచ్చ చుట్టూ బ్లేడుతో కోసినట్టు చీలికలుంటే గొట్టం మూతి దగ్గర గాళ్ల అంచులు పదునుగా ఉన్నాయి. కొత్త గొట్టాల్లో ఇది మామూలే, వందో రెండు వందలో గుండ్లు కాల్చాక తగ్గుతుంది. ముక్క పేలికలై వస్తే గుడ్డ మార్చాలి. మచ్చ ఒక పక్కకే ఉంటే గుండు మధ్యలో పెట్టలేదు.

మిగిలింది మసి. ఈ మందు బరువులో సగానికి పైగా పొగ, మసి రూపంలో ఘనపదార్థంగానే మిగులుతుంది. మే నెలలో వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలకు పోయినప్పుడు అది గొట్టంలో ఇటుకపెంకులా గట్టిపడుతుంది, నాలుగో గుండుకే రాడ్ మొరాయిస్తుంది. వానాకాలంలో అదే మసి మెత్తగా ఉండి గుండు సులువుగా దిగుతుంది. ఎండాకాలంలో సరిపెట్టుకున్న తడి శ్రావణంలో ఎక్కువైపోయేది అందుకే. ఏ కాలమైనా ప్రతి కాల్పు తర్వాత తడిపి పిండిన ప్యాచ్ ఒకసారి, పొడిది ఒకసారి. తడి ఎక్కువైతే నిపుల్ (క్యాప్ కూర్చునే చిన్న మొన) దారిలోకి నీరు దిగి తర్వాతి మందు తడుస్తుంది. పోటీలో ముప్పై నిమిషాల్లో పదమూడు కాల్పులు, అందులో మేలైన పదే లెక్కలోకి వస్తాయి. ఒక్కోదానికి రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. తుడవడానికి సమయం సరిపోతుంది.

క్యాప్ పేలి మందు అంటుకోకపోతే నిమిషం పాటు మూతి టార్గెట్ వైపే ఉంచి కదలకండి, ఆలస్యంగా పేలొచ్చు. మందు మరిచి గుండు దించడం అందరికీ జరిగేదే. దానికి గుండులోకి దిగే మరచుట్టు ఉన్న పుల్లర్ పెట్టెలో ఉండాలి.

ఇంటికొచ్చాక కడగడం అదే రోజు. మసిలోని పొటాషియం లవణాలు గాలిలో తేమను లాక్కుంటాయి, రాత్రికి రాత్రే తుప్పు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు చుక్క చాలు. మరిగే నీళ్లు పోస్తే వెంటనే పలచటి తుప్పు పొర పట్టేస్తుంది. ప్యాచ్ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరబెట్టి, నూనె రాసి, మర్నాడు పొడి ప్యాచ్ ఒకటి దింపి చూడండి. అది ఎర్రమట్టి రంగులో వస్తే లోపల నిన్న తడి మిగిలిందన్నమాట. మళ్లీ నీళ్లు కాచుకోండి.