నా వణుకు వాళ్లకి వినపడలేదట

ఇవాళ పొద్దున పదకొండింటికి మీటింగ్. నిన్న మేం పంపిన రిపోర్టులో ఒక కాలమ్ లెక్క తప్పింది. తప్పు మా టీమ్‌దే, ఇంకా చెప్పాలంటే నాదే. క్లయింటు తరఫున నలుగురు, ఇటు మా మేనేజరు గారు, నేను. స్క్రీన్ మీద ఒక్క ముఖంలోనూ నవ్వు లేదు. పలకరింపులు కూడా లేకుండా "ఇదెలా జరిగిందో చెప్పండి" అన్నారు వాళ్లలో పెద్దాయన.

గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది. నాలుక పిడచగట్టుకుపోయింది. చేతిలో కాగితం అంచు సన్నగా వణుకుతోందని చూసి, దాన్ని బల్ల మీద పెట్టేసి అరచెయ్యి ఆనించాను.

నవ్వని ముఖాల ముందు ఎవరికైనా ఇంతేనట. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం వాళ్లు మనుషులకు టెన్షన్ తెప్పించి కొలవడానికి ఒక పరీక్ష తయారుచేశారు. ముఖంలో ఏ భావమూ చూపించని కొందరి ముందు 5 నిమిషాలు మాట్లాడాలి. తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పోవాలి, తప్పితే మళ్లీ మొదటికి. ఇప్పటికీ పరిశోధకులు దాన్ని వాడుతున్నారు. అది చదివినప్పుడు నాకు పెద్ద ఊరట కలిగింది, ఇది నా ఒక్కడి బలహీనత కాదని.

పోయినేడాది ఇలాంటి మీటింగ్‌లోనే మౌనం భరించలేక గబగబా మాట్లాడేశాను. సంజాయిషీలు, మధ్యమధ్యలో సారీలు. చివరికి ఏం చెబుతున్నానో నాకే తెలియక ఆగిపోయాను. ఆ బాధ చాలా రోజులు పోలేదు.

ఇవాళ మాత్రం ముందు ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదిలాను. గట్టిగా పీల్చుకోమని అందరూ చెబుతారు గానీ, నాకైతే పీల్చేకొద్దీ ఛాతీ ఇంకా బిగుసుకుంటుంది. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. తర్వాత ఆయన అడిగిందే నా మాటల్లో మళ్లీ అన్నాను. "మూడో కాలమ్ లెక్క ఎందుకు తప్పిందని అడుగుతున్నారు, అంతే కదండీ?" ఆ నాలుగు సెకన్లలో జవాబు మొదటి వాక్యం దొరికింది.

"పోయిన నెల ఫైలు లోంచి అంకెలు తీసుకున్నాం. నేను సరిచూసుకోలేదు. సరిచేసిన రిపోర్టు రెండింటికల్లా పంపిస్తాను."

అక్కడితో ఆపేశాను. అన్నిటికంటే కష్టం అదే. అవతల ఎవరూ మాట్లాడటం లేదు, ఇంకో మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. పెదాలు బిగబట్టి కూర్చున్నాను. ఆయన ఏదో రాసుకుని, "సరే, పంపండి" అన్నారు.

బయటికొచ్చాక మేనేజరు గారు "అంత కూల్‌గా ఎలా చెప్పారండీ?" అని అడిగితే నిజంగా ఆశ్చర్యపోయాను. నా గొంతు వణకడం నాకు స్పష్టంగా వినిపించింది. పక్కనే కూర్చున్న ఆవిడకి వినపడలేదట!

సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని గురించే. మన కంగారు మనకు అనిపించినంతగా బయటికి కనపడదు. ఈ సంగతి ముందే తెలుసుకుని మాట్లాడినవాళ్లు బాగా మాట్లాడారు. కంగారు మామూలేనని, దాని గురించి బెంగపడొద్దని ధైర్యం చెప్పించుకున్నవాళ్లకు అంత మేలు జరగలేదు. ఎన్నేళ్లుగా ఎంతమందికి "టెన్షన్ పడకు" అని చెప్పుకుంటూ వచ్చానో!

రిపోర్టు రెండింటికి పది నిమిషాల ముందే పంపాను. బల్ల మీది కాగితం మీద నా అరచేతి చెమట మరక ఇంకా ఉంది.

రేపు మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొదటిసారి క్లయింటు ముందు మాట్లాడాలి. సాయంత్రం నుంచే ముఖం వాడిపోయింది. పొద్దున్నే వెళ్లి, నీ వణుకు వాళ్లకి వినపడదమ్మా అని చెప్పాలి.