రెండు పాత గ్రాఫిక్స్ కార్డులతో ఒక వారం

వారం రోజులుగా నా పాత కంప్యూటర్‌లో 2014 నాటి జీటీఎక్స్ 750 టీఐని, 2017 నాటి జీటీ 1030ని మార్చి మార్చి బిగించి చూశాను. రెండింటిలోనూ 2 జీబీ మెమరీయే ఉన్నా, మొదటిదానికి 640 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), 128 బిట్ల బస్ (మెమరీతో డేటా రాకపోకలు సాగే దారి) ఉండగా రెండోదానికి 384 కోర్లు, 64 బిట్లే ఉండటంతో, ఆటల్లో పాత కార్డే నిలకడగా అనిపించింది. అయితే 4కే యూట్యూబ్ వీడియో పెట్టగానే లెక్క తిరగబడింది. యూట్యూబ్ వీడియోలను కుదించడానికి వాడే వీపీ9 పద్ధతి వీడియోను విప్పే సదుపాయం 750 టీఐలో లేనందున భారమంతా ప్రాసెసర్ మీద పడి బొమ్మ ఆగి ఆగి కదిలింది. 30 వాట్ల జీటీ 1030 మాత్రం అదే వీడియోను ఫ్యాన్ చప్పుడైనా వినిపించకుండా సాఫీగా నడిపించింది. అన్నట్టు, ఇదే పేరుతో 2018లో వచ్చిన, డీడీఆర్4 మెమరీ వాడిన రకం బాగా నెమ్మది కనుక, కొనేవారు పెట్టె మీద జీడీడీఆర్5 (అంతకంటే వేగవంతమైన మెమరీ) అని ఉందో లేదో తప్పక చూసుకోవాలి. మా ఇంట్లో ఆటలకన్నా పాఠాల వీడియోలే ఎక్కువ కాబట్టి జీటీ 1030నే ఉంచుకున్నాను.