చిక్కడపల్లి దాకా ఒక్కతే

మా అమ్మాయి ఆరో తరగతి. శనివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో గాంధీ ఆస్పత్రి దగ్గర సిటీ బస్సెక్కి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్తుంది. చీకటి పడకముందే అలాగే తిరిగి వస్తుంది. వెంట ఎవరూ ఉండరు.

ఈ సంగతి తెలిసినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళు ముందు అడిగేది, "భయం లేదా?" అని. ఉంది, ఎందుకుండదు. రెండో ప్రశ్న, "మీ పిల్ల అంత బుద్ధిగా ఎలా ఉంటుందండీ, మావాళ్ళు మాట వినరే!" అని. పిల్ల ముందే బుద్ధిమంతురాలు కాబట్టి పంపించామని వాళ్ళ లెక్క. జరిగింది వేరు. ఎప్పటికైనా ఒంటరిగా పంపాలని ముందు అనుకున్నాం. దానికి ఏమేం కావాలో చూసుకుంటే నేర్పాల్సినవి ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మా ఇంట్లో అమ్మాయికీ, దాని తమ్ముడికీ కలిపి ఒక పద్ధతి ఉంది. పక్కవాళ్ళ చెవికో, టైముకో, జేబుకో తగిలే విషయమైతే బేరాల్లేవు. తనకి మాత్రమే సంబంధించినదైతే మేము సలహా చెబుతాం, వింటే వింటారు, లేకపోతే లేదు. పెళ్ళికి ఏ బట్టలు వేసుకోవాలి, జడా పోనీటెయిలా, సెలవుల్లో మధ్యాహ్నమంతా ఏం చేయాలి, ఇవన్నీ వాళ్ళిష్టం. సౌండు పెట్టి వీడియో చూడడం, అందరూ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడితే అప్పుడు స్నానానికి వెళ్ళడం, లిఫ్టులో బటన్లన్నీ నొక్కడం, వాచ్‌మన్‌ని "ఏయ్" అని పిలవడం మాత్రం కుదరవు.

మా అత్తయ్యగారికి ఇదంతా తలకిందులుగా కనిపించింది. "పిల్ల పట్టుపావడా వేసుకోనంటే ఊరుకున్నావు, పిల్లాడు లిఫ్టు బటన్ నొక్కితే అంత రాద్ధాంతమా?" అన్నారు. పావడా వేసుకోకపోతే ఎవరికీ ఇబ్బంది లేదు, లిఫ్టు కోసం పైన ఎవరో ఎదురుచూస్తున్నారు కదత్తయ్యా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మా ఆయన ఇద్దరి మాటా సబబే అన్నట్టు పేపరు తిరగేస్తూ కూర్చున్నారు.

"రెండు తగిలిస్తే వాళ్ళే దారికొస్తారు" అనే సలహా మాకూ చాలానే అందింది. పిల్లల్ని కొట్టడాన్ని బడుల్లో 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. టీచరు చేస్తే చట్టప్రకారం తప్పయ్యే పని ఇంట్లో నేను చేస్తే పెంపకం ఎలా అవుతుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. తప్పు ఎక్కడ జరిగితే శిక్షని అక్కడికే పరిమితం చేశాం. బటన్లు నొక్కిన రోజు నాలుగంతస్తులూ మెట్లే. సౌండు పెడితే ఆ ప్రయాణం అయ్యేదాకా ఫోను నా సంచిలో. అరుపులు లేవా అంటే, నా గొంతు మా ఫ్లోరంతటికీ పరిచయమే.

అత్తయ్యగారితో నాకు అన్నిట్లోనూ పేచీ అనుకోకండి. పదిమందిలో కూర్చుని తినడం నేర్పడంలో ఆవిణ్ణి మించిన టీచర్ని నేను చూడలేదు. తెనాలి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. బంతి భోజనాలు. ముందు రోజు రాత్రి వసారాలో ఆవిడ పిల్లలిద్దరికీ ఆకులు వేసి కూర్చోబెట్టారు. ఆకు మీద నీళ్ళు చల్లుకుని తుడుచుకోవాలి. ముందు వడ్డించారు కదా అని తినెయ్యకూడదు, బంతి అంతా వడ్డన అయ్యేదాకా ఆగాలి. తినే చేత్తో గిన్నె ముట్టుకోకూడదు. వద్దనుకుంటే గరిటె ఆకు మీదికి వచ్చాక కాదు, రాకముందే చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అనాలి. పూర్ణాలు ఎప్పుడొస్తాయని కేకలు పెట్టకూడదు, అవే వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, నీది అయిపోయింది కదా అని మధ్యలో లేవకూడదు.

మర్నాడు మావాడికి సరిగ్గా అక్కడే పరీక్ష ఎదురైంది. వాడికప్పుడు ఏడేళ్ళు, అయిదు నిమిషాల్లో తినేశాడు. పక్కన ఎనభై దాటిన పెద్దాయన ఇంకా పప్పన్నంలోనే ఉన్నారు. ఆ తర్వాత కూర, పులుసు, పెరుగు. ఏడేళ్ళవాడికి ఖాళీ ఆకు ముందు కూర్చోవడమంటే మాటలు కాదు. ఎదురు వరసలోంచి నా వంక జాలిగా చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. కాసేపటికి పెద్దాయనే "ఏ క్లాసురా మనవడా?" అని మొదలుపెట్టారు. పెరుగన్నం అయ్యేసరికి వాడు తన స్కూల్లో క్రికెట్ టీము సంగతంతా ఆయనకి చెప్పేశాడు. ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసింది కూడా వాడే. క్యూలో ఓపిక పట్టడం గురించి అప్పటిదాకా నేనిచ్చిన ఉపన్యాసాల కన్నా ఆ ఒక్క బంతి ఎక్కువ పనిచేసింది. ఇప్పుడు బఫే విందుల్లో కూడా వాడు కొంచెం కొంచెమే పెట్టించుకుంటాడు. మన పెద్దవాళ్ళే ప్లేటు నిండా నింపుకుని సగం టబ్బులో పడేస్తున్నారు. వాళ్ళకి ఎవరు చెప్పాలి?

ఆ ప్రయాణంలోనే రైల్లో ఇంకోటి జరిగింది. అయిదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి విడిగా బెర్తు కావాలంటే 2016 నుంచీ పూర్తి చార్జీ కట్టాలి. కట్టి తీసుకున్నాం. అమ్మాయికి మిడిల్ బెర్తు వచ్చింది. రాత్రి ఎనిమిదికే పడుకుంటానంది. మిడిల్ బెర్తు వేసుకునే హక్కు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకానే అని చెప్పి, "కింద కూర్చున్న అంకుల్ వాళ్ళని నువ్వే అడుగు, సరేనంటే వేసుకో" అన్నాను. అంతవరకూ బయటివాళ్ళతో దాని మాటలన్నీ నా నోటితోనే. హోటల్లో నీళ్ళు కావాలన్నా నా చెవిలో చెప్పేది. చాలాసేపు తటపటాయించి అడిగింది. ఆయన, "ఇప్పుడే తింటున్నామమ్మా, ఒక అరగంట ఆగుతావా?" అన్నారు. ఆగింది. అరగంటకి ఆయనే లేచి గొలుసు తగిలించి పెట్టారు. ఒంటరిగా పంపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు ఆ రాత్రే తెలిసింది.

బస్సు నేర్పడం అన్నిటికన్నా పెద్ద పని అయింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకీ ఆడపిల్లలకీ బస్సు ఉచితం. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఏదైనా ఎక్కొచ్చు. ఆధార్ చూపిస్తే చాలు, చిల్లర గొడవ లేదు. అయితే ఊరికే కూర్చోకూడదు, జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. ఆ టికెట్ల లెక్కమీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు చెల్లిస్తుంది. కండక్టర్ జనంలో ఇరుక్కుని మన దగ్గరికి రాలేకపోతే మనమే కార్డు పట్టుకుని సిద్ధంగా ఉండాలి.

ఉచితం అయ్యాక బస్సుల్లో రద్దీ కూడా బాగా పెరిగింది. అందుకని నేర్పాల్సినవి చాలా కనిపించాయి. బ్యాగు వీపు మీద ఉంచుకుంటే తిరిగినప్పుడల్లా ఎవరికో ఒకరికి తగులుతుంది, తీసి ముందుకు పెట్టుకోవాలి. ఎక్కగానే మెట్ల దగ్గర ఆగిపోకుండా లోపలికి జరగాలి. చంటిపిల్లతో ఎవరైనా ఎక్కితే, ఇంకెవరైనా లేస్తారేమోనని చూడకుండా లేచి నిలబడాలి. ముషీరాబాద్ దాటగానే తలుపు వైపు కదలాలి, స్టాపు వచ్చాక "దిగాలి దిగాలి" అని అందర్నీ తోసుకుంటూ కాదు.

మొదట్లో నేను వెంట వెళ్ళేదాన్ని, కానీ నోరు విప్పకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. దారి అది చూపించాలి, నేను వెనకాల నడవాలి. ఒకసారి బోర్డు చూడకుండా బస్సెక్కేసింది. ఎక్కుతున్నప్పుడే నాకు తెలుసు, అయినా ఎక్కాను. బస్సు వేరే రోడ్డులోకి తిరిగాక దాని ముఖం మాడిపోయింది. కండక్టర్ని అడిగి, తర్వాతి స్టాపులో దిగి, జామకాయల బండి దగ్గర ఒకావిణ్ణి దారి అడిగి, నన్ను ఎండలో నడిపించుకుంటూ తీసుకెళ్ళింది. దారి పొడుగునా ఒకటే కోపం. "నీకు ముందే తెలుసు కదా, చెప్పలేదేం?" "చెప్తే నువ్వు మళ్ళీ బోర్డు చూస్తావా?" ఆ మాటకి జవాబు లేదు కానీ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు అదే బస్సులో నేను వెనకాల ఎక్కి, ఎవరో తెలియనట్టు కూర్చున్నాను. అది నిజంగానే తెలియనట్టు ఉండేది. నాకే కొంచెం బాధనిపించింది.

రోడ్డు దాటడం దగ్గర మాత్రం నేను మెత్తబడలేదు. మెట్రో పిల్లర్ల మధ్యలోంచి బండి ఎటునుంచి వస్తుందో పెద్దవాళ్ళకే కనిపించదు. సిగ్నల్ దగ్గర తప్ప దాటడానికి వీల్లేదు. ఎవరైనా నలుగురు దాటుతుంటే వాళ్ళ పక్కనే దాటాలి. రాంగ్ సైడులో బండ్లు వస్తాయి కాబట్టి వన్‌వే అయినా రెండు వైపులా చూడాలి. ఇది నమ్మకంగా వచ్చిందనిపించేదాకా పంపలేదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాను. ఇన్నాళ్ళూ నెమ్మదిగా మాట్లాడు, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకు అన్నాం కదా, బస్సులో ఎవరైనా కావాలని మీద పడితే, చెయ్యి వేస్తే ఆ మర్యాదలేవీ వద్దు. గట్టిగా అరవాలి. మనిషి ఎంత పెద్దవాడైనా సరే, అక్కడ సారీలూ ప్లీజులూ లేవు. వంటింట్లో నిలబెట్టి అరిపించాను కూడా. మొదట నవ్వింది, గొంతు పెగల్లేదు. మర్యాద నేర్పిన పిల్లలకే ఈ అరుపు కష్టమని నాకనిపిస్తుంది, అందుకే విడిగా నేర్పాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఎమర్జెన్సీ 112 నంబర్లతో పాటు మా ఇద్దరి నంబర్లూ ఫోనులో చూడకుండా చెప్పగలగాలి. ఫోను పోతే ఎలా మరి?

మొదటిసారి ఒక్కతే వెళ్ళిన రోజు చేరాక మిస్డ్ కాల్ ఇవ్వమన్నాం. ఇచ్చింది. నేను ఇంట్లో టెన్షన్‌తో కందిపప్పు రెండుసార్లు ఏరాను. మా ఆయన "ఏం పరవాలేదు, అనవసరంగా కంగారు పడతావు" అంటూ కూరగాయలకని వెళ్ళారు. బస్సు వెనకాలే స్కూటర్ మీద చిక్కడపల్లి దాకా వెళ్ళొచ్చారని తర్వాత తెలిసింది. కూరగాయలు మాత్రం తేలేదు.

లైబ్రరీలో నిశ్శబ్దం గురించి నేను నేర్పాల్సిన పని రాలేదు. అక్కడ గ్రూప్స్‌కీ, రకరకాల పోటీ పరీక్షలకీ చదువుకునే వాళ్ళు పొద్దున్నుంచీ కూర్చుంటారు. చోటు దొరక్కపోతే ఆవరణలోనే ఎక్కడో ఒకచోట పుస్తకం తెరుచుకుంటారు. "అమ్మా, ఒక అన్న లంచ్ బాక్స్ తినేటప్పుడు కూడా చదువుతూనే ఉన్నాడు" అంది మొదటి రోజే. ఆ అన్నకి ఈ ఉద్యోగం ఎంత అవసరమో, ఎన్నేళ్ళుగా చదువుతున్నాడో అని ఇంటికొచ్చాక చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇప్పుడు కుర్చీ జరపాలన్నా ఎత్తి జరుపుతుంది. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను పోతుందని చెప్పినప్పుడు "అయితే అది మనదేనా?" అని సంబరపడింది. మనదీ, ఆ అన్నదీ, అందరిదీ అన్నాను. పుస్తకంలో పెన్నుతో గీతలు పెట్టిన వాళ్ళ మీద ఇప్పుడు దానికి నాకన్నా ఎక్కువ కోపం.

ఇక మావాడి సంగతి. వాడిప్పుడు మూడో తరగతి, అక్కలాగా ఎప్పుడు వెళ్ళనిస్తారని పోరు పెడుతున్నాడు. వాడికి జీరో టికెట్ లేదు, హాఫ్ టికెట్. చిల్లర లెక్క పెట్టుకోవడం ముందు రావాలి. అందుకని వీధి చివర టిఫిన్ సెంటర్ నుంచి ఆదివారం ఇడ్లీలు తెచ్చే పని వాడికి అప్పగించాం. అక్కడ కొత్త చిక్కొచ్చింది. ఒకాయన లైను పక్కనుంచి వచ్చి ముందు నిలబడ్డారట. మావాడు "అంకుల్, లైను అటుంది" అన్నాడు. ఆయన మండిపడి, "ఎవరింటి పిల్లాడివిరా, పెద్దవాళ్ళతో ఇలాగేనా మాట్లాడేది?" అన్నారట. వాడు ఏడుపు ముఖంతో ఇంటికొచ్చాడు.

నువ్వన్నదాంట్లో తప్పేమీ లేదన్నాను. అత్తయ్యగారు కూడా తప్పులేదనే అన్నారు, నేను ఆశ్చర్యపోయాను. కానీ ఆవిడ ఒక మాట కలిపారు. "అలా కాదురా నాన్నా, 'మీరు చూసుకోలేదేమో అంకుల్, లైను వెనక నుంచి ఉందండీ' అను. తప్పు చేసినవాడికి కూడా తప్పుకోవడానికి ఒక దారి ఉంచాలి." డెబ్భై ఏళ్ళ అనుభవం ఉంటే తప్ప ఇలాంటి మాట తట్టదు. తర్వాతి వారం వాడు అలాగే అంటే, ఒకాయన నిజంగానే "చూళ్ళేదురా బాబూ" అంటూ వెనక్కి వెళ్ళారు. ఆపై వారం ఇంకొకాయన అదే మాటకి ఏమీ విననట్టు అక్కడే నిలబడ్డారు.

అప్పుడేం చెయ్యాలి అని వాడి ప్రశ్న. అత్తయ్యగారు వదిలెయ్యమంటారు. నేను ఇంకోసారి కొంచెం గట్టిగా చెప్పమంటాను. మా ఆయన, కౌంటర్‌లో ఉన్న అన్నకి చెప్పు, ఇడ్లీలు ఇచ్చేది ఆయనే కదా అంటారు. మావాడు ప్రస్తుతానికి వాళ్ళ నాన్న మాట పట్టుకున్నాడు. ఇడ్లీలు వేడిగానే వస్తున్నాయి.