హైటెక్స్‌లో స్టాల్: ముందు గోడ కొలవండి

హైదరాబాద్‌లోని హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో ట్రేడ్ షోలకి చిన్న కంపెనీలు ఎక్కువగా తీసుకునేది షెల్ స్కీమ్ స్టాలే, అంటే నిర్వాహకులే కట్టి ఇచ్చే రెడీమేడ్ స్టాల్. 3 మీటర్లు బై 3 మీటర్లు, మూడు వైపులా తెల్ల ప్యానెళ్లు, పైన కంపెనీ పేరుండే పట్టీ (ఫేసియా), ఒక టేబులు, రెండు కుర్చీలు, స్పాట్ లైట్లు, ఒక 5 ఆంప్స్ ప్లగ్గు. షోని బట్టి ఇవి మారతాయి, నిర్వాహకులిచ్చే మాన్యువల్ చదివాకే డబ్బు కట్టండి.

నేను చూసినంతలో తంటాలు ప్రింటు దగ్గరే మొదలవుతాయి. ప్యానెల్ మీటరు కదా అని మీటరు వెడల్పున చేయిస్తారు. అల్యూమినియం పోల్స్ పోగా కనబడేది సుమారు 95 సెంటీమీటర్లే. గోడంతా ఒకే ఫ్లెక్స్ పరిస్తే పోల్స్ దగ్గర ఉబ్బుతుంది, మధ్యలో ముడతలు పడుతుంది. ప్యానెల్‌కొకటి చొప్పున 3 ఎంఎం సన్‌బోర్డు (తేలికైన గట్టి ఫోమ్ షీటు) మీద వేయించి డబుల్ సైడ్ టేపుతో అంటించడం నయం. మేకు కొట్టినా, గమ్ము మరక మిగిల్చినా ప్యానెల్ ఖరీదు మన నెత్తినే. కార్నర్ స్టాల్‌కి రెండు వైపులా తెరిచే ఉంటుంది, మూడో గోడకి తెచ్చిన ప్రింటు దండగ.

5 ఆంప్స్ ప్లగ్గు మీద 1,100 వాట్లకి మించి లాగొద్దు. టీవీ, లాప్‌టాప్, చార్జర్లు సరే. టీ కోసం 1,500 వాట్ల కెటిల్ పెడితే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు) పడిపోతుంది, ఒక్కోసారి పక్క స్టాళ్లకీ కరెంటు పోతుంది. (వాళ్ల చూపులు మామూలుగా ఉండవు.) మెషీన్ డెమో ఉంటే 15 ఆంప్స్ పాయింటు ముందే బుక్ చేయాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు ట్రూప్ బజార్‌లో ముందే కొనుక్కోండి, సెటప్ రాత్రి వెతకలేరు.

చూపించి వెనక్కి తెచ్చుకునే సరుకుకి ఇన్‌వాయిస్ కాదు, డెలివరీ చలాన్ (అమ్మకం కాకుండా సరుకు పంపేటప్పుడు రాసే కాగితం) రాయాలి. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) సబ్ టైప్ ‘ఎగ్జిబిషన్ ఆర్ ఫెయిర్స్’ పెట్టాలి.

టేబుల్ ముందుకు అడ్డంగా వేస్తే జనం అటునుంచి అటే పోతారు. ఒక పక్కకి జరిపి, మనం నిలబడాలి. “రండి సార్, చూడండి” కంటే “మీరు ఏ లైన్‌లో ఉన్నారండీ?” అంటే మాట సాగుతుంది. విజిటింగ్ కార్డు నున్నగా ఉంటే పెన్ను పట్టదు. నోట్‌బుక్‌లో స్టేపుల్ చేసి, ఏమడిగారో పక్కనే రాయండి. రాత్రికి ఏ ముఖం ఏ కార్డుదో గుర్తుండదు. కేటలాగులు టేబుల్ కింద, ఒక పేజీ కరపత్రాలు పైన ఉంచాలి. సంచులు నింపుకోవడానికే వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ఆఖరి సాయంత్రం సరుకు బయటికి పోవాలంటే అవుట్ పాస్ కావాలి, దానికి లోపలికి తెచ్చినప్పటి చలాన్ కాపీ చూపాలి. టాటా ఏస్‌ని షో మూసిన గంట తర్వాత రమ్మనండి. ముందే వస్తే గేటు బయట వెయిటింగ్ చార్జీ వేస్తాడు.