ఇస్త్రీ పెట్టె, ఎనిమిది డ్రాఫ్టులు

మా షార్ట్ ఫిల్మ్ మొదటి డ్రాఫ్ట్ 23 నిమిషాలొచ్చింది. మా డిపార్ట్‌మెంట్ వాళ్ల లిమిట్ ఏమో టైటిల్స్‌తో కలిపి 12. అంటే సగం లేపేయాలి, కానీ ఏ సగమో తెలీదు, ఎందుకంటే రాసుకున్నవన్నీ తీశాం, తీసినవన్నీ బాగున్నాయనే అనుకున్నాం. కాకి పిల్ల కాకికి ముద్దు కదా.

కథ చిన్నదే. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయనకి ఒక చొక్కా జేబులో మడిచిన 500 నోటు దొరుకుతుంది. ఇవ్వాలా, ఉంచుకోవాలా. అంతే. డైలాగులు పెద్దగా లేవు కాబట్టి ఎడిటింగ్ ఈజీ అనుకున్నా, అక్కడే బోల్తా పడ్డా. డైలాగ్ ఉంటే ఎక్కడ కట్ చేయాలో ఆ మాటే చెప్తుంది, మనిషి ఊరికే నిలబడి నోటుకేసి చూస్తుంటే ఎంతసేపు చూడనివ్వాలి? రెండు సెకన్లా, ఐదా? దీంతోనే మూడు వారాలు గడిచాయి.

అసలు మొదటి వారం కట్టింగే లేదు. నాలుగు గంటల ఫుటేజ్, 180 జీబీ దాకా ఉంది, నా ల్యాప్‌టాప్ చూస్తే 8 జీబీ ర్యామ్, డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4కె క్లిప్ పెడితే చాలు ఫ్యాన్ బోరు మోటార్‌లా అరిచేది. అన్నిటికీ ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన కాపీలు, చేసుకుంటే గానీ బండి కదల్లేదు. దానికి తోడు రెండో రోజు కెమెరా బ్యాటరీలు చచ్చిపోయి ఒక సీన్ మొత్తం ఫోన్‌తో లాగించాం, సౌండ్ ఏమో విడిగా రికార్డర్‌లో పట్టాం. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములనేది, చాలాసార్లు నిలకడగా ఉండదు, అటూ ఇటూ అవుతుంటుంది, ఆ సంగతి అప్పటికి మాకెవ్వరికీ తెలీదు. క్లాప్ దగ్గర బ్రహ్మాండంగా కలుస్తుంది, మూడో నిమిషానికొచ్చేసరికి పెదాలు ఒకదారి, మాట ఒకదారి. తలప్రాణం తోకకొచ్చింది. చివరికి హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుని మళ్లీ మొదట్నుంచి సింక్ చేశా. ఫోన్‌తో తీసేవాళ్లు ఇది ముందే చేసుకోండి, నాలాగా సగం ఎడిట్ అయ్యాక కాదు.

రెండో డ్రాఫ్ట్ 17 నిమిషాలు. దీనికోసం మా కెమెరా వాడితో గొడవైంది. తెల్లారుజామున బొగ్గులు రాజేసే షాట్ ఒకటుంది, 48 సెకన్లు, దానికోసం మూడు రోజులు ఐదింటికే లేచి వెళ్లాం, పొగలోంచి మొదటి ఎండ పడుతుంది చూడండి, నిజంగా అందమైన షాట్. కానీ అది ఉన్నంతసేపు కథ మొదలవ్వట్లేదు. తీసేస్తానంటే "మామా నువ్వు మనిషివేనా" అన్నాడు. 20 సెకన్లు చేశా, తర్వాత 9, ఐదో డ్రాఫ్ట్‌లో మొత్తం తీసేశా. వాడు రెండు రోజులు ఫోనెత్తలేదు.

మూడో డ్రాఫ్ట్ మా అమ్మకి చూపించా. బాగుందా అనడిగితే బాగుందిరా అంటుంది, అది తెలిసిందే, అందుకే నేను స్క్రీన్ వైపు చూడకుండా అమ్మనే చూస్తూ కూర్చున్నా. ఆరో నిమిషంలో ఫోన్ చేతిలోకి తీసుకుంది. తొమ్మిదో నిమిషంలో కుక్కర్ చూసొస్తానని లేచింది. ఆ రెండు టైమ్‌లూ నోట్ చేసుకున్నా. మా బ్యాచ్ వాళ్లు ఇచ్చిన రెండు పేజీల ఫీడ్‌బ్యాక్ కన్నా ఆ రెండు నంబర్లే ఎక్కువ పనికొచ్చాయి. ఆరో నిమిషంలో ఏముందంటే పెద్దాయన ఫ్లాష్‌బ్యాక్, కూతురి పెళ్లి అప్పు అదీ ఇదీ. మొత్తం లేపేశా. డబ్బవసరం ఆయన తొడుక్కున్న చొక్కా చూస్తేనే తెలుస్తోంది, మళ్లీ చెప్పడమెందుకు.

ఇప్పుడు అసలు సంగతి. నోటు దొరికినప్పుడు ముఖం క్లోజప్. మా నటుడు సీనియర్ వాళ్ల బాబాయ్, నాటకాలు వేసే మనిషి, 7 టేకులిచ్చారు, ఏడింట్లోనూ "నేను ఆలోచిస్తున్నాను" అని ముఖం మీద రాసున్నట్టే ఉంది. ఒకరోజు రాత్రి విసుగొచ్చి పనికిరాని ముక్కలన్నీ వెతుకుతుంటే యాక్షన్ చెప్పకముందు రోల్ అయిన నాలుగు సెకన్లు దొరికింది. ఆయన ఎటో చూస్తున్నారు, కళ్లలో కొంచెం ఆశ, కొంచెం మొహమాటం. ఎటు చూస్తున్నారో నాకు గుర్తే, మావాడు బిర్యానీ పార్సిళ్లు పట్టుకొస్తున్నాడు! నోటు షాట్ పక్కన పెట్టి చూస్తే ఒళ్లు జలదరించింది. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు వందేళ్ల కిందటే ఒకే ముఖాన్ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన పెట్టి, చూసేవాళ్లకి ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖం కనిపించేలా చూపించాడని క్లాసులో చెప్తే పరీక్షకోసం బట్టీ కొట్టా, ఇక్కడ బిర్యానీతో అర్థమైంది.

ఆ ముక్కలో ఇంకో లొసుగు, ముందు షాట్‌లో చొక్కా చేతులు మడిచి ఉంటాయి, ఇందులో దించి ఉంటాయి. పెట్టనా వద్దా అని ఒక రాత్రంతా కొట్టుకున్నా. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ లెక్కలో మంచి కట్‌కి ఎమోషన్ ఒక్కదానికే 51 శాతం, మిగతావన్నీ కలిపి 49. సరే అని పెట్టేశా. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, మీరూ అడక్కండి.

సౌండ్‌లో మాత్రం దొరికిపోయేవాళ్లమే. ఒక టేక్‌లో పై ఫ్లాట్‌లోంచి కుక్కర్ విజిల్ వస్తుంది, కట్ పడగానే సగంలో తెగిపోతుంది, ఎవరో గొంతు నొక్కినట్టు. తీసేద్దామంటే అడుగున ట్రాఫిక్ రొద కూడా పోతోంది, ఆ వీధి సౌండ్ ఒక నిమిషం విడిగా పట్టుకుందామని ఎవరికీ తోచలేదు. చివరికి విజిల్‌ని కట్ దాటించి తర్వాతి షాట్ మీదికి సాగదీశా. ఇప్పుడది కావాలని పెట్టినట్టే ఉంది, ఒక జూనియర్ మెచ్చుకున్నాడు కూడా.

ఏడో డ్రాఫ్ట్ 11 నిమిషాల 40 సెకన్లు. లాక్, ఇంక మార్పుల్లేవు అనుకున్నాం. ఆ సాయంత్రం ఫోన్‌లో వేసుకుని మాకు బండి ఇచ్చిన పెద్దాయన దగ్గరికెళ్లా. ఆయన పని ఆపకుండా, మధ్యమధ్యలో చొక్కా తిప్పుకుంటూ చూశాడు. బిర్యానీ క్లోజప్ దగ్గర ఏమీ అన్లేదు. క్లైమాక్స్‌లో పెట్టె ఎత్తే షాట్ రాగానే "అక్కడ బొగ్గుల్లేవు గదా బాబూ పెట్టెలో" అన్నాడు.

నిజమే, లేవు. చెయ్యి కాలుతుందని క్లోజప్పులన్నీ ఖాళీ పెట్టెతో తీశాం, నేను ఆ షాట్ కనీసం 200 సార్లు చూసుంటా, పెట్టిన చప్పుడు బరువుగా ఉండాలని విడిగా సౌండ్ కూడా వేశా. ఆయన వినలేదు, మణికట్టు చూశాడు.

ఇంటికొచ్చి వైడ్ టేకులన్నీ మళ్లీ తెరిచా. నిప్పులున్న పెట్టెతో తీసింది ఒక్కటే ఉంది, మా కెమెరా వాడి తెల్లారుజాము షాట్ చివర్లో, పెద్దాయనే స్వయంగా పెట్టె ఎత్తి నటుడికి చూపిస్తున్నాడు, ముఖం పొగలో సరిగ్గా కనిపించదు. వాడికి ఫోన్ చేసి "నీ షాట్‌లో ఆరు సెకన్లు వాడుకుంటున్నా" అన్నా. "ఆరేనా" అన్నాడు.