ల్యాబ్ తలుపు మీద నా పేరు

జర్మనీలో నేను పనిచేసే గొట్టింగెన్ ఊళ్ళో పాత టౌన్‌హాల్ ముందు ఫౌంటెన్ మీద పెద్దబాతులు పట్టుకుని నిలబడ్డ ఒక అమ్మాయి విగ్రహం ఉంటుంది, గేన్జెలీజల్ అంటారు. ఈ ఊళ్ళో పీహెచ్‌డీ వైవా పాసైన వాళ్ళని ల్యాబ్ వాళ్ళంతా కలిసి ఒక బండి మీద కూర్చోబెట్టి, అట్టతో చేసిన టోపీ నెత్తిన పెట్టి, వీధుల్లో లాక్కుంటూ అక్కడికి తీసుకొస్తారు. వాళ్ళు ఎక్కి ఆ విగ్రహానికి పూలిచ్చి ముద్దుపెట్టాలి, అదీ ఆచారం. 2018లో మా ల్యాబ్ కుర్రాడి బండి లాగిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అతనికి ప్రొటీన్ ప్యూరిఫై చెయ్యడం నేర్పింది నేనే, థీసిస్‌లో మూడో చాప్టర్ ఇద్దరం కూర్చుని ఎన్నిసార్లు తిరగరాశామో లెక్కలేదు, అందుకని ఆ రోజు నాకు సొంత తమ్ముడు పాసైనంత సంతోషంగా ఉంది.

ఇక్కడ వైవా అవ్వగానే డాక్టర్ అని రాసుకోకూడదు, థీసిస్ పబ్లిష్ అయ్యి సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఆగాలి. అతనికి కొన్ని నెలలకి వచ్చింది. ఆ వారమే మా రూమ్ తలుపు మీద బోర్డు మార్చారు. పై లైన్లో అతని పేరు, ముందు డా. అని. కింద లైన్లో నా పేరు, ముందు ఏమీ లేదు. నా పీహెచ్‌డీ అప్పటికి రెండేళ్ళ కిందటిది.

మా నాన్నగారికి ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేస్తాను. ఆ ఆదివారం ఏదో సాంపిల్ చూడాల్సి వచ్చి ల్యాబ్‌లోనే ఉన్నాను, నువ్వు కూర్చునే చోటు చూపించమ్మా అన్నారు, ఫోన్ తిప్పి చూపిస్తూ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగు ఆగు అన్నారు. కళ్ళజోడు తెచ్చుకుని మరీ చదివారు. "ఆ అబ్బాయికుంది, నీ పేరు ముందర డాక్టర్ లేదేంటమ్మా?" అన్నారు. ఇక్కడ రూల్ వేరండి నాన్నగారు అన్నాను. సరేలే అమ్మా అన్నారు గానీ ఆయన మొహం చూస్తే నాకు తర్వాత మాట రాలేదు. ఆయన రైస్ మిల్లులో గుమాస్తాగా చేశారు. నేను 2010లో నెలకి 16 వేల ఫెలోషిప్ మీద పీహెచ్‌డీలో చేరినప్పుడు పెళ్ళి ఎప్పుడు చేస్తావు అని అడిగిన ప్రతి చుట్టానికీ అమ్మాయి డాక్టరేట్ చేస్తోందండి అని చెప్పుకున్న మనిషి. ఆరేళ్ళు చెప్పారు అలాగ.

రూల్ ఏంటంటే, జర్మనీలో డాక్టర్ అనేది మర్యాద మాట కాదు, చట్టం కిందకొచ్చే మాట. పాస్‌పోర్ట్‌లో కూడా వేయించుకోవచ్చు. హక్కు లేకుండా పెట్టుకుంటే క్రిమినల్ కేసు, ఏడాది దాకా జైలు లేదంటే ఫైన్. యూరోపియన్ యూనియన్‌లో పీహెచ్‌డీ చేసినవాళ్ళు డా. అని పెట్టుకోవచ్చు. బయట నుంచి వచ్చినవాళ్ళలో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్, ఇజ్రాయెల్, రష్యా ఇలా కొన్ని దేశాల వాళ్ళకే ఆ వీలుంది. నేను వెళ్ళి అడిగినప్పుడు ఆ లిస్టులో మన దేశం లేదు. మనం పేరు వెనక పీహెచ్‌డీ అని, దాని పక్కన ఏ యూనివర్సిటీ ఇచ్చిందో ఆ పేరు కూడా వేసుకోవాలి. హెచ్ఆర్‌లో ఉండే ఆవిడ చాలా ఓపిగ్గా ఇదంతా చెప్పి, నాకు కూడా ఇది అన్యాయంగానే ఉంది అంది పాపం, ఆవిడ మీద నాకేం కోపం లేదు.

అమెరికా వాళ్ళకి కూడా మొదట్లో ఇదే తిప్పలు. 2008లో యేనా అనే జర్మన్ ఊళ్ళో మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ డైరెక్టర్ ఒకాయనకి, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన అమెరికన్ సైంటిస్టుకి, డాక్టర్ అని వాడుకున్నందుకు పోలీసుల నుంచి నోటీసు వచ్చింది, 1930ల నాటి నాజీ కాలం చట్టం ఆధారంగా. అది పేపర్లకెక్కి గోల అయ్యాక ఆ ఏడాదే అమెరికా యూనివర్సిటీల డిగ్రీలకి రూల్ సడలించారు. అంటే గోల చేస్తే మారుతుంది, గోల చెయ్యడానికి వెనక బలం ఉండాలి అంతే.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది జర్మనీ గురించి మాత్రమే కాదు. పీహెచ్‌డీ చేసినవాళ్ళని డాక్టర్ అనొచ్చా అని మనవాళ్ళు ఎప్పుడూ అడుగుతుంటారు, అనాలి అనే నా గట్టి అభిప్రాయం. ఆ మాట లాటిన్‌లో బోధించడం అనే మాట నుంచి వచ్చింది, యూరప్ యూనివర్సిటీల్లో పాఠం చెప్పే అర్హత ఉన్నవాళ్ళకి ఇచ్చిన పేరు అది, వైద్యులు తర్వాత తీసుకున్నారు. ఇక్కడ ఇప్పటికీ ఆ తేడా కనిపిస్తుంది. మా వీధిలో నేను చూపించుకునే డాక్టరమ్మ బోర్డు మీద డా. అని ఉండదు, జనరల్ మెడిసిన్ స్పెషలిస్ట్ అని మాత్రమే ఉంటుంది, ఎందుకంటే ఆవిడ మెడిసిన్ చదివింది, ప్రాక్టీస్ చేస్తోంది, థీసిస్ రాయలేదు. థీసిస్ రాస్తేనే డా. మెడ్. అని వస్తుంది. పేషెంట్లు మాత్రం నోటితో ఫ్రావ్ డాక్టర్, అంటే డాక్టరమ్మ, అనే పిలుస్తారు, ఆవిడ బోర్డు మార్చుకోలేదు, వైద్యం బ్రహ్మాండంగా చేస్తుంది. మన ఎంబీబీఎస్ కూడా బ్యాచిలర్స్ డిగ్రీయే కదా, వాళ్ళని డాక్టర్ అనడం మనం ఇచ్చే గౌరవం, అది ఇవ్వాల్సిందే, రాత్రీ పగలూ మనుషుల ప్రాణాలు చూసుకునే వాళ్ళకి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తాం. కానీ అది వాళ్ళ సొంతమనీ మేం అరువు తెచ్చుకున్నామనీ అంటేనే నాకు బాధ.

మన తెలుగువాళ్ళకి ఇది అలవాటు లేని సంగతి కూడా కాదు. సినిమా టైటిల్స్‌లో పాటలు డా. సి. నారాయణరెడ్డి అని చదువుతూ పెరిగాం, ఆయన ఉస్మానియాలో ఆధునికాంధ్ర కవిత్వం మీద పీహెచ్‌డీ చేశారు, ఆయన్ని ఎవరైనా మాత్ర రాయమన్నారా? ఇంకోపక్క మా ఊళ్ళో ఏ డిగ్రీ లేని ఆర్ఎంపీ గారిని ఊరంతా డాక్టర్ గారండీ అంటారు, ఆయన అర్ధరాత్రి లేపినా సైకిలేసుకుని వస్తారు కాబట్టి ఆ పిలుపు అలా స్థిరపడిపోయింది. మరి నేను సెలవుల్లో ఊరెళ్తే పక్కింటి మామ్మగారు మోకాళ్ళు చూపించి ఏదన్నా రాయవే డాక్టరమ్మా అంటుంది. నేను కూర్చుని చెప్తాను, మామ్మగారూ నాది మందులిచ్చే డాక్టర్ కాదండి, మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో వెతికే డాక్టర్ని అని. ఓహో అలాగా అంటుంది, వచ్చే ఏడు మళ్ళీ అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ మళ్ళీ చెప్పడం నా బాధ్యత అనుకుంటాను. హాస్పిటల్లో, విమానంలో, యాక్సిడెంట్ దగ్గర, ఇంకెక్కడైనా ఒంట్లో బాలేని మనిషి ఎదురుగా ఉంటే మాత్రం ఆ మాట నోట్లోంచి రాకూడదు, అక్కడ అది మోసం కిందే లెక్క. మీటింగుల్లో, పేపర్ల మీద, తలుపు మీద, పాఠం చెప్పే చోట మాత్రం ఉండాలి. ముఖ్యంగా ఆడవాళ్ళకి. ఒకే టేబుల్ దగ్గర మగవాళ్ళని డాక్టర్ ఫలానా అని పరిచయం చేసి నన్ను మాత్రం మొదటి పేరుతో పిలిచిన మీటింగులు హైదరాబాద్‌లోనూ చూశాను, ఇక్కడా చూశాను.

హెచ్ఆర్ ఆవిడ చెప్పినట్టే నా బోర్డు మార్పించుకున్నాను. పేరు, పీహెచ్‌డీ, యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్. మిగతావాళ్ళ లైన్ల కంటే నాది పొడుగు, రెండో లైన్లోకి వచ్చేసింది. ఫోటో పంపితే నాన్నగారు, హైదరాబాద్ పేరు వేశారే అని వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపించారు.

మా ల్యాబ్‌లో ఫాస్ఫేట్ కొలవడానికి ఇప్పటికీ ఒక పాత పద్ధతి వాడతాం. సాంపిల్‌లో యాసిడ్, అమ్మోనియం మోలిబ్డేట్ వేసి, తర్వాత రిడ్యూసింగ్ ఏజెంట్ వేస్తే నీలం రంగు వస్తుంది, ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. వరసగా ట్యూబులు పెడితే లేత ఆకాశం రంగు నుంచి సిరా రంగు దాకా వస్తాయి, వందల సార్లు చేశాను, ఇప్పటికీ చూడబుద్ధేస్తుంది. 1925లో వచ్చిన పద్ధతి అది, ఫిస్కే అండ్ సుబ్బారావ్ మెథడ్ అంటారు. ఆ సుబ్బారావు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు, మా ఊరికి పక్కనే. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకుంటే ప్రొఫెసర్‌కి నచ్చక ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టి పంపారు. అమెరికా వెళ్ళి హాస్పిటల్లో నైట్ డ్యూటీ కూలి పని చేసుకుంటూ చదివి 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు, అంటే ఈ నీలం రంగు పద్ధతి వచ్చేటప్పటికి ఆయనకి ఆ డాక్టరేట్ కూడా లేదు. తర్వాత లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన టీమ్ నుంచే ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్ర వచ్చాయి. మా చిన్నప్పుడు గోదావరి జిల్లాల్లో బోదకాలు మాత్రలని ఇంటింటికీ తెచ్చి మింగించేవారే, అవి. ఆ మాత్ర వెనక మా పక్క ఊరాయన ఉన్నాడని మాకు ఎవరూ చెప్పలేదు.

పోయిన నెల కొత్తగా చేరిన మాస్టర్స్ అమ్మాయికి ఈ పద్ధతి నేర్పిస్తున్నాను. నోట్‌బుక్‌లో ఫిస్కే మెథడ్ అని మాత్రం రాసుకుంది. రెండో పేరు కూడా రాయమ్మా అన్నాను. స్పెల్లింగ్ అడిగింది, చెప్పాను, రాసుకుంది. ఎవరు ఈయన అంది. డాక్టర్ సుబ్బారావు గారు, మా ఊరి దగ్గరాయనే అని చెప్పి, ఫోన్‌లో మ్యాప్ తీసి భీమవరం ఎక్కడుందో చూపించాను.